ఖాళీ చెయ్యని ట్యాంకు

"తాగి పడిపోయాడమ్మా. అంతే. ఇందులో డిటెక్టివులు వెతికేదేం లేదు," అన్నాడు ఎడిటరు.

"తాగాడని ఎవరు చెప్పారు?"

"ఎవరో ఎందుకు? పోలీసులే."

"పోలీసులు ఇంకా నోరు విప్పలేదండీ. శవం ఇప్పుడే ఆస్పత్రికి వెళ్ళింది. కోసి చూస్తే గానీ డాక్టరుకే తెలియని సంగతి మీకెలా తెలిసింది?"

ఎడిటరు బల్ల మీదున్న తెల్ల కవరు ఒకదాన్ని నెమ్మదిగా ఫైళ్ళ కిందికి తోశాడు. తోస్తున్నట్టు నాకు తెలియకూడదని నా కళ్ళలోకే చూస్తూ తోశాడు. కానీ కవరు కదలగానే గదంతా గుప్పున సెంటు వాసన. ఆ వాసనని మనసులో ఒక మూల పెట్టుకున్నాను.

పోయినవాడు ఈ పేపర్లోనే రిపోర్టరు. చెవి వెనక ఎప్పుడూ ఒక పెన్సిల్ ఉంటుందని అందరూ అతన్ని పెన్సిలనే పిలిచేవారు. ఈ పొద్దున మున్సిపాలిటీ వాటర్ ట్యాంకు కింద, నిచ్చెన మొదట్లో, బోర్లా పడి ఉన్నాడు. ట్యాంకు నింపే మోటారు వెయ్యడానికి వచ్చిన మనిషి చూసి కేకలు పెట్టాడు.

కాసేపటికే పెన్సిల్ పెళ్ళాం మా ఇంటి గుమ్మంలో నిలబడింది. చంకలో చంటిపిల్ల. కళ్ళు ఎర్రగా ఉన్నాయి కానీ ఏడవడం లేదు.

"ఆయన తాగి పడ్డాడని రేపు పేపర్లో వేస్తారటక్కా. అప్పుడే ఆఫీసంతా అనుకుంటున్నారు. ఆయన దగ్గుమందు తాగితేనే తల తిరుగుతోందని పడుకునే మనిషి. నా కూతురు పెద్దదయ్యాక ఆ పేపరు ఎవరో ఒకరు చూపిస్తారు. అప్పుడు దానికి నేనేం చెప్పను?" అంది.

తర్వాత తువ్వాలు విప్పి ఒక పాలసీసా నా చేతిలో పెట్టింది. అందులో నిండా నీళ్ళు. తేటగా, మనం రోజూ తాగే నీళ్ళలాగే ఉన్నాయి.

"మొన్న ట్యాంకెక్కి పట్టుకొచ్చాడు. పరీక్షకి పంపాలంటే మరగబెట్టిన సీసా కావాలట. మా పాపకెవరో కానుకిస్తే వాడకుండా పక్కన పెట్టాను, అది తీసుకున్నాడు. మా వీధిలో పిల్లలు వరసపెట్టి వాంతులూ విరేచనాలతో ఆస్పత్రి పాలవుతున్నారక్కా. ట్యాంకు నీళ్ళలో మురుగు కలుస్తోందని ఆయన అనుమానం, అదే రాసి ఆఫీసులో ఇచ్చాడు. ఈ సీసా ఎవర్నీ ముట్టుకోనివ్వకు అన్నాడు నాతో. ఇంకేం చెప్పలేదు. నిన్న పొద్దున ఆఫీసుకని వెళ్ళినవాడు మళ్ళీ ఇంటికి రాలేదు."

ఆ సమయంలో నా పరిస్థితీ ఏమంత బాగా లేదు. మా పాపకి పన్ను వస్తోంది, రాత్రంతా ఇద్దరికీ నిద్ర లేదు. దాన్ని అక్క ఇంట్లో దింపి పనికి వెళ్ళాలి. పొత్తిగుడ్డలు, పాలపొడి డబ్బా, కాచి చల్లార్చిన నీళ్ళు పోసిన పాలసీసా అన్నీ బల్ల మీద పరిచి సంచిలో సర్దుతున్నాను. నా చంకలో పాప గుక్కపట్టి ఏడుస్తోంది. ఎదురుగా ఆ అమ్మాయి ఏడవకుండా నిలబడింది. ఏడవని మనిషిని చూడటమే నాకు కష్టంగా ఉంది.

ఆమె సీసాని బల్ల మీంచి తీసి నా చేతిసంచిలో వేసుకున్నాను. పాపనీ, పాప సంచినీ అక్కకి అప్పజెప్పాను. తిన్నగా ఈ పేపరాఫీసుకొచ్చాను.

"సరే, తాగుడు సంగతి పక్కన పెడదాం," అన్నాను ఎడిటరుతో. "ఇవాళ్టి పేపర్లో ఇది రాసిందెవరు?"

మొదటి పేజీ అడుగున రంగు గీతల మధ్య ఒక పెట్టె ఉంటుంది. దాని పేరు 'మన ఊరి మంచిమాట'. ఊళ్ళో అందరూ ముందు అదే చదువుతారు. నేను పైకి చదివాను.

"'అద్దంలా మెరిసిన వాటర్ ట్యాంకు. నిన్న ఉదయం నుంచి సాయంత్రం వరకు ట్యాంకును పూర్తిగా ఖాళీ చేసి, లోపలి గోడలను రుద్ది కడిగించారు. చైర్మన్ గారు ఎండను సైతం లెక్కచేయక దగ్గరుండి పర్యవేక్షించారు. పొద్దుగూకే వేళకు పనులు ముగించి మూతకు తాళం వేశారు. పరిసర ప్రజలు హర్షం వ్యక్తం చేశారు.' బాగుంది. ఎవరు రాశారు?"

"మా ప్రతినిధి."

"ప్రతినిధికి ఒక మొహం ఉంటుంది కదండీ, ఒక కుర్చీ ఉంటుంది. బయట మూడు కుర్చీల్లో మనుషులున్నారు, నాలుగోది పెన్సిల్‌ది. ముగ్గుర్నీ అడిగే లోపలికొచ్చాను. నిన్న ట్యాంకు దగ్గరికి ఎవరూ వెళ్ళలేదన్నారు."

"అయితే పెన్సిలే వెళ్ళుంటాడు."

"వెళ్ళాడు. కానీ వార్త రాయడానికి తిరిగి రాలేదు. ఇంకో మాట. ఊరి పేజీ మధ్యాహ్నం భోజనాలకి ముందే ప్రెస్సుకి వెళ్ళిపోతుందని పేజీలు కట్టే అమ్మాయి చెప్పింది. పొద్దుగూకే వేళకి తాళం వేశారన్న సంగతి భోజనాలప్పటికే మీకెలా అందింది?"

ఎడిటరు లేచి వెళ్ళి తలుపు మూసొచ్చాడు. కూర్చున్నాక తలకాయ పట్టుకున్నాడు. వెనక గోడ మీద మున్సిపాలిటీ ఇచ్చిన మెమెంటోలు వరసగా ఉన్నాయి. ఒక్కదానికి కూడా ప్లాస్టిక్ కవరు విప్పలేదు.

"ఆ పెట్టె మాది కాదమ్మా," అన్నాడు చివరికి. "మున్సిపాలిటీ వాళ్ళది. వాళ్ళు మాకు ఏడాది పొడుగునా ప్రకటనలిస్తారు. దానికి బదులు ఆ పెట్టె వాళ్ళకి వదిలేశాం. రోజూ రాసిన ముక్క కవర్లో వస్తుంది. తీసుకెళ్ళి పెట్టెలో పోస్తాం. మేం రాయం. నిజం చెప్పాలంటే చదవను కూడా చదవం."

"జరిగిందో లేదో చూడరు?"

"జరుగుతుందనే కదా పంపుతారు?"

"మరి అది ప్రకటన అని పైన ఒక్క ముక్క వెయ్యొచ్చుగా?"

"వేస్తే ఎవరు నమ్ముతారమ్మా?" అన్నాడు. వెటకారం కాదు. నిజంగానే అడిగాడు.

"ఎవరు పంపుతారు ఆ కవరు?"

"పబ్లిసిటీ ఆఫీసరు."

"సెంటాయనా?"

తలూపాడు. ఆ మనిషి ఊరందరికీ తెలుసు. తెల్లబట్టలు, తియ్యటి మాటలు, మనిషి కంటే ముందు గదిలోకొచ్చే సెంటు వాసన. ఎవరి పిల్ల కనపడినా ఎత్తుకుని ముద్దాడతాడు. ఫైళ్ళ కిందికి వెళ్ళిన కవరు ఎవరిదో ఇప్పుడు వేరే చెప్పక్కర్లేదు.

"రేపటి పెట్టె కూడా వచ్చేసినట్టుంది," అన్నాను కవరు వైపు చూస్తూ. "పెన్సిల్ తాగాడని అందులోనే ఉంది, అవునా? డాక్టరు కంటే ముందే?"

ఎడిటరు పేపర్‌వెయిట్ అందుకుని తిప్పడం మొదలుపెట్టాడు.

"పెన్సిల్ నీళ్ళ మీద రాసిచ్చిన వార్త ఏం చేశారు?"

"చూస్తున్నానన్నాను."

"ఎప్పట్నించి చూస్తున్నారు?"

అంతే, ఎడిటరు గొంతు పెరిగింది. "నువ్వు చెప్పొచ్చావులే! ఈ వారంలో ప్రకటనల కాంట్రాక్టు మళ్ళీ రాసుకోవాలి. ఆ వార్త వేస్తే రాస్తారా వాళ్ళు? బయట కూర్చున్నవాళ్ళకి జీతాలు నువ్విస్తావా? మా అమ్మాయి కాలేజీ ఫీజు నువ్వు కడతావా? పెన్సిల్‌కి కూడా ఇంతకాలం జీతమిచ్చింది ఆ పెట్టేనమ్మా! ఆ సంగతి వాడు ఆలోచించలేదు!"

నాకు అతని మీద కోపం రాలేదు. భయమేసింది. ఇలా భయంతో ఉన్న మనిషి ఎవరికి ఏం చెబుతాడో వాడికే తెలియదు. అయితే దాన్నే వాడుకుందాం అనుకున్నాను.

"వార్త పోతే పోయిందిలెండి," అన్నాను లేస్తూ. "నీళ్ళున్నాయిగా."

"ఏం నీళ్ళు?"

"ట్యాంకులోంచి పెన్సిల్ పట్టిన నీళ్ళు. ఒక పాలసీసాలో పోసి దాచాడు. సాయంత్రం పరీక్షకి పంపిస్తున్నా."

పేపర్‌వెయిట్ తిప్పుతున్న చెయ్యి ఆగిపోయింది. "ఎక్కడుంది?"

మరీ తొందరగా అడిగాడు. నా చేతిసంచి నా భుజానికే ఉంది. దాని మీదికి వెళ్ళబోయిన చేతిని వెనక్కి తీసుకున్నాను. దారిలో ఎవడైనా సంచి లాక్కుంటే? నోటికొచ్చిన అబద్ధం చెప్పేశాను.

"మా బావగారింట్లో. ఈ కేసు చూస్తున్న ఇన్‌స్పెక్టర్ మా అక్క మొగుడే కదా. పోలీసు ఇంటికంటే భద్రమైన చోటు ఈ ఊళ్ళో ఎక్కడుంది చెప్పండి?"

పోలీసు ఇల్లంటే ఎవడూ ఆ ఛాయలకి పోడనుకున్నాను. బయటికొచ్చాక తలుపు అద్దంలోంచి వెనక్కి చూశాను. ఎడిటరు ఫోనెత్తాడు.

ఎత్తనీ, అనుకున్నాను. ఇప్పుడు ఎవడు ఉలిక్కిపడతాడో చూద్దాం.

ట్యాంకు దగ్గర మా బావ నీడలో కుర్చీ వేసుకుని, ఇవాళ్టి పేపరుని మడిచి విసురుకుంటున్నాడు. ఒక కానిస్టేబుల్ నిచ్చెన దగ్గర నిలబడి ఉన్నాడు.

"రా మరదలా, రా. నువ్వు రాకపోతే కేసుకి కళేముంది! ఇవాళ మీ అసిస్టెంటు రాలేదేం? ఆ పళ్ళులేని డిటెక్టివు?"

"మీ ఇంట్లోనే ఉంది. ఒక పన్ను వచ్చింది, జాగ్రత్త."

"అయితే మా ఇంటికి దొంగల భయం లేదు," అని గట్టిగా నవ్వాడు. తర్వాత నవ్వు మానేసి, "చూడు చిన్నీ, చుట్టరికం వేరు, డ్యూటీ వేరు. ప్రైవేటు వాళ్ళకి ఇక్కడ పని లేదు. ఇది యాక్సిడెంటు. సాయంత్రానికి ఫైలు మూసేస్తున్నా," అన్నాడు.

"ఎలా తేల్చావు?"

"వేళ్ళు మడిచి లెక్కపెట్టుకో. నిన్న పొద్దున్నించీ పొద్దుగూకేదాకా ఇక్కడ ట్యాంకు కడిగారు. చైర్మనూ ఉన్నాడు, సెంటాయనా ఉన్నాడు, పనివాళ్ళున్నారు. ఇంతమంది ముందు పగలు పడితే కనపడడా? కాబట్టి పడింది చీకటి పడ్డాక. చీకటి పడ్డాక చైర్మనూ సెంటాయనా టౌన్‌హాల్లో సభలో ఉన్నారు, ఊరంతా చూసింది. ఇక్కడ ఎవడూ లేడు. ఇతనొక్కడే ఎక్కాడు, కాలు జారాడు. అయిపోయింది."

"పొద్దున్నించీ కడిగారని నీకెవరు చెప్పారు బావా?"

"చైర్మన్ని అడిగా. పేపరు చూడండన్నాడు. సెంటాయన్ని అడిగా. ఇదిగో, పేపరే చేతిలో పెట్టాడు."

"ఆ పేపరు సెంటాయన్నే అడుగుతుంది బావా, ఏం రాయాలో. నువ్వు తిరిగి తిరిగి ఒక్క మనిషినే అడిగావు."

బావ మొహం ముడుచుకుంది. "వాగకు. అచ్చయిన మాట."

నేను ట్యాంకు చుట్టూ నడిచాను. వెనక వైపు, ట్యాంకుని ఖాళీ చెయ్యాల్సి వస్తే నీళ్ళు వదిలే లావుపాటి గొట్టం ఒకటి నేలకి జానెడెత్తులో ఉంది. దాని ముందు కాలువ. కాలువ అడుగున మట్టి ఎండి బీటలు వారింది. గొట్టం నోట్లోకి తొంగిచూశాను. లోపల చీమలు పొడిమట్టి తోడి పోసుకున్నాయి. మెత్తటి పిండిలాంటి మట్టి, గొట్టం సగానికి నిండింది. తెల్లటి గుడ్లు మోసుకుంటూ బారులుగా తిరుగుతున్నాయి. నేను ఊదితే మట్టి లేచింది.

తర్వాత నిచ్చెన. చీర కుచ్చిళ్ళు దోపుకుంటుంటే కానిస్టేబుల్ మొహం తిప్పుకున్నాడు.

"ఏయ్, ఎక్కకు! జారిపడితే మీ అక్క నన్ను చంపుతుంది!" అని బావ కుర్చీలోంచి లేచాడు.

ఇనుప మెట్ల నిండా ఎండిపోయిన పావురాల రెట్టలు. అందులో బూటు గీసుకుపోయిన గుర్తులు. ఒకటి అరిగిపోయిన అడుగున్న బూటు, ఇంకోటి గళ్ళగళ్ళ కొత్త అడుగు. పదిమంది బకెట్లతో ఎక్కి దిగిన నిచ్చెన ఇలా ఉండదు. సగం ఎక్కాక కిందికి చూశాను. చూడకుండా ఉండాల్సింది. పాప గుర్తొచ్చింది. ఇక్కణ్ణించి పడుతూ పెన్సిల్ కూడా తన కూతురినే తలుచుకుని ఉంటాడనిపించింది. కళ్ళు మూసుకుని మిగతా మెట్లు ఎక్కాను.

పైన మూత ఉంది, తాళం లేదు. తాళం వేసే కొక్కెమే తుప్పుపట్టి విరిగి ఉంది, విరిగిన చోట కూడా తుప్పే. మూత ఎత్తితే నీచు వాసన కొట్టింది. గోడల నిండా పచ్చటి పాకుడు, జడల్లా వేలాడుతోంది. వేలితో గీకితే వేలు మునిగింది. నిన్న రుద్ది కడిగిన గోడలట ఇవి!

దిగి చేతులు దులుపుకున్నాను.

"బావా, నిన్న సాయంత్రం స్నానం చేశావా?"

"ఏం ప్రశ్న అది?"

"చెప్పు."

"చేశాను. చెయ్యకపోతే మీ అక్క అన్నం పెడుతుందా?"

"ఏ నీళ్ళతో?"

"కుళాయి నీళ్ళతో. ఇంకే నీళ్ళుం..." ఆగిపోయాడు.

"మీ ఇంటి కుళాయికి ఈ ట్యాంకు నీళ్ళే కదా వచ్చేది? పొద్దున్నించీ పొద్దుగూకేదాకా ట్యాంకు ఖాళీగా ఉంటే, నీ తలమీద పడ్డ నీళ్ళెక్కడివి?"

కానిస్టేబుల్ దగ్గినట్టు నటించాడు. బావ వాడి వైపు గుర్రుగా చూశాడు.

"పైపుల్లో మిగిలినవేమో!"

"సరే, రా. ఇది చూడు." గొట్టం దగ్గరికి తీసుకెళ్ళి వంగమన్నాను. పొట్ట అడ్డమొస్తున్నా వంగాడు. "ఇంత ట్యాంకు నీళ్ళు నిన్న ఈ నోట్లోంచే పోవాలి. పోయుంటే ఈ చీమలేవి? ఈ పొడిమట్టేది?"

బావ చాలాసేపు వంగే ఉన్నాడు. లేచాక మొహం ఎర్రగా ఉంది. వంగినందుకో, ఇంకెందుకో తెలియదు.

"ఇంకొక్కటి. శవం దగ్గర ఏం దొరికాయి?"

కానిస్టేబుల్ ప్లాస్టిక్ కవరు తెచ్చాడు. అందులో ఒక పెన్సిల్ ముక్క, ఇంటి తాళంచెవి, పగిలిన నల్లకళ్ళద్దాలు.

"ఫోను లేదా?"

"లేదు," అన్నాడు బావ.

"ఈ కళ్ళద్దాలు ఎక్కడున్నాయి? జేబులోనా?"

"మొహమ్మీదేనమ్మా," అన్నాడు కానిస్టేబుల్. "నేనే తీశాను. పగిలిన పెంకు కనుబొమలో గుచ్చుకుని ఉంది."

నేను బావ వైపు తిరిగాను. "చీకటి పడ్డాక ఎక్కాడన్నావు. చీకట్లో నల్లకళ్ళద్దాలు పెట్టుకుని ఎవడైనా నిచ్చెనెక్కుతాడా బావా?"

బావ కవరు అందుకుని కళ్ళద్దాలని వెలుతురుకి పట్టి చూశాడు.

"అతను పడింది మిట్టమధ్యాహ్నం, ఇటు ఎవరూ రాక పొద్దున్నదాకా ఇక్కడే పడున్నాడు. ట్యాంకు కడుగుతున్నారన్న కవరు నిన్న పొద్దున ఆఫీసుకొచ్చింది. అది చూసుంటాడు. ఇక్కడ ఎవడూ కడగడం లేదని ఫోటో తీద్దామని వచ్చాడు. ఆ ఫోటో ఉన్న ఫోను ఇప్పుడు లేదు. పగలంతా ఇక్కడ జనం ఉన్నారని పేపర్లో ఉంది కాబట్టి, పగలు ఎక్కడున్నావని నువ్వు ఎవర్నీ అడగలేదు. పని చెయ్యకుండా వార్త కొనుక్కోవడం వాళ్ళకి అలవాటే. ఈసారి అదే వార్త వాళ్ళకి సాక్ష్యంగా కూడా పనికొచ్చింది."

"వాళ్ళంటే ఎవరు?"

"ఆ కవర్లు రాసేదెవరో వాడే. గళ్ళ అడుగున్న కొత్తబూట్లు ఎవరివో చూడు."

బావ పేపరు విప్పి ఆ పెట్టెని మళ్ళీ చదువుకున్నాడు, పెదాలు కదుపుతూ. తర్వాత గొంతు తగ్గించాడు. "నువ్వు చెప్పేది బాగానే ఉంది చిన్నీ. కానీ చీమల్ని కోర్టుకి తీసుకెళ్ళలేను. చైర్మన్ మనుషుల మీద చెయ్యి వెయ్యాలంటే చేతిలో ఏదో ఒకటి ఉండాలి. సాయంత్రంలోగా వీళ్ళు నిజంగానే ట్యాంకు కడిగించేస్తే? పాకుడూ ఉండదు, చీమలూ ఉండవు."

"అందుకే పెన్సిల్ నీళ్ళు పట్టి ఉంచాడు. మొన్నటి నీళ్ళు, కడగకముందు నీళ్ళు. అవి పరీక్షకి వెళితే ట్యాంకులో మురుగు కలుస్తోందని తేలిపోతుంది. అతన్ని చంపాల్సిన అవసరం ఎవరికుందో కూడా తేలిపోతుంది. నా దగ్గరే ఉన్నాయి."

చేతిసంచిలో చెయ్యి పెట్టి సీసా తీసి గర్వంగా అతని ముందు పట్టుకున్నాను.

బావ సీసా వంక చూశాడు. నేను బావ వంక చూస్తున్నాను. బొటనవేలికి ఏదో గరుగ్గా తగిలింది. సీసా రబ్బరు పీక మీద చిన్న చిన్న గాట్లు. నిన్న రాత్రంతా మా పాప కొత్త పన్నుతో కొరికిన గాట్లు.

పెన్సిల్ ఇంట్లో సీసాని ఎవరూ వాడలేదు. దాని పీక కొత్తది.

ఇది మా పాప సీసా.

"చిన్నీ? ఏమైంది? అలా తెల్లబోయావేం?"

"బావా, సీసాలు మారిపోయాయి. బల్ల మీద రెండూ పక్కపక్కనే... పాప ఏడుస్తోంది... నేను చూసుకోలేదు. ఆ నీళ్ళు పాప సంచిలో ఉన్నాయి. కాచిన నీళ్ళనుకుని అక్క పాలపొడి కలిపేస్తుంది!"

ఫోను తీశాను. బావే లాక్కుని నంబరు నొక్కి స్పీకరు పెట్టాడు. మోగింది. మోగింది. ఎత్తలేదు. మళ్ళీ నొక్కాడు. రెండోసారి చివర్లో ఎత్తింది.

"ఏంటే చిన్నీ, ఊపిరాడనివ్వవా? పిల్లనిచ్చి గంటకోసారి..."

"అక్కా! పాపకి పాలు పట్టావా?"

"పట్టబోయానే. పొడి కలుపుదామని సీసా మూత తీశాను, ఇంతలో ఈయనొచ్చి ఆపాడు. దేవుడిలా వచ్చాడనుకో."

పట్టలేదు. అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. పట్టలేదు. ఆ ఒక్క మాట తప్ప కాసేపు ఇంకేం వినపడలేదు. తర్వాత మిగిలిన మాట వినపడింది.

"ఎవరొచ్చి ఆపారక్కా?"

"సెంటాయనే, మున్సిపాలిటీ ఆయన. ఇంటింటికీ తిరిగి నీళ్ళు చూస్తున్నారట. నా చేతిలో సీసా చూసేసరికి ఆయన మొహం పాలిపోయింది. 'అయ్యో, ఆ నీళ్ళు చుక్క కూడా పిల్లకి పట్టకండమ్మా' అన్నాడు. ఎంత మంచివాడే! రోజూ పేపర్లో చదవడమే గానీ..."

బావ చేతిలోంచి పేపరు జారి కాలువలో పడింది.

సీసాలో నీళ్ళు తేటగా ఉన్నాయి. చూసి చెప్పడానికి వీల్లేదు. అవి ఏ నీళ్ళో తెలిసినవాడే పట్టొద్దంటాడు. అలాంటి సీసా ఉందని నేను చెప్పింది ఒక్క ఎడిటరుకే. ఇన్‌స్పెక్టరింట్లో ఉందని అబద్ధం చెప్పాను. నా చేతులతో నేనే ఆ అబద్ధాన్ని నిజం చేశాను. పాపని కూడా అక్కడే పెట్టాను.

"అక్కా, నేను చెప్పేది జాగ్రత్తగా విను. కంగారుపడకు, గొంతు మార్చకు. సీసా ఎక్కడుంది?"

"నా చేతిలోనే. పారబోసి కడిగిస్తానివ్వమని ఒకటే అడుగుతున్నాడు. నువ్వు కాచి పంపిన నీళ్ళు కదా, పారబోస్తే నీ నోట్లో పడాలని నేనే ఇవ్వలేదు."

"పాపో?"

"ఆయన చంకలో. ఏడుపు టక్కున మానేసింది, చూడు. ఇల్లంతా సెంటు వాసనే అనుకో."

బావ అప్పటికే ఫోను నా చేతిలో పెట్టి జీపు వైపు పరిగెడుతున్నాడు. ఆ పొట్టతో అంత వేగంగా పరిగెత్తగలడని నాకెప్పుడూ తెలియదు. జీపెక్కినా ఇక్కణ్ణించి ఇంటికి ఊరు దాటాలి.

పొద్దున మా గుమ్మంలో ఏడవకుండా నిలబడ్డ అమ్మాయి కళ్ళముందు మెదిలింది. ఎవర్నీ ముట్టుకోనివ్వకు అని మొగుడు చెప్పిన సీసా. ఆమెకి మిగిలిందల్లా అదొక్కటే.

"సీసా ఇచ్చెయ్ అక్కా," అన్నాను. "ఆయనకిచ్చేసి పాపని తీసుకో. ఇప్పుడే."

"అదేంటే, ఇందాకేమో..."

"ఇచ్చెయ్!"

అక్క అటు తిరిగి ఏదో అంది. గాజులు గలగలమన్నాయి. ఫోనుకి బాగా దగ్గరగా, తేనెలాంటి గొంతు వినపడింది.

"థాంక్సమ్మా. పాపని కాసేపు నా దగ్గరే ఉండనివ్వండి. వాళ్ళమ్మ వచ్చేదాకా."

పాప కిలకిలా నవ్వింది. ఆ నవ్వు వెనకే గడియ పడిన చప్పుడు.

మా అక్క ఇంటి గడియ నాకు తెలుసు. అది లోపలి నుంచే పడుతుంది.